ఎవరి ఎడమ?

సరస్సు మీద మంచు విరిగి ఇవాళ్టికి తొమ్మిదో రోజు.
ఒంటారియో ఉత్తరపు కొసన వసంతమంటే ఇంతే,
ఒడ్డున బురద, బురదలో గాజుపెంకుల్లా మంచుముక్కలు.
నల్ల ఈగలింకా పుట్టలేదు.
ఆ ఒక్క సుఖం.

స్కీలు విప్పి షెడ్డులో గోడకానించాం.
విమానం ఇప్పుడు రెండు ఫ్లోట్ల మీద
కొత్త చెప్పులు కరిచిన పెళ్లికొడుకులా
దుంగల వాలు మీద ఇబ్బందిగా నిలబడింది.

మిగిలింది వెనకాల చుక్కానులు.
రెండు అల్యూమినియం పలకలు, ఒక్కోటి
మా అమ్మ చేపలు కోసే చెక్కంత.
ఎడమదాని అంచు వంగి ఉంది.
పోయిన ఆగస్టులో నర్సును దింపుతూ
డెల్ఫీన్ కీసిక్ రాయికి తగిలించింది.
"రాయే వచ్చి తగిలింది" అంటుంది తను.

ఆర్వో హాపనెన్‌కు డెబ్బై ఒకటి.
కుడి చెవిని ఏనాడో ఇంజన్లకిచ్చేశాడు.
మాటలు పొదుపు. మేకులు ఇంకా పొదుపు,
అరిగినవి కూడా కాఫీడబ్బాలోకి పోతాయి.
మడతబందులో చీల దించేముందు
వేలికొసన గ్రీజు తీసి
పసిబిడ్డ నాలిక మీద తేనె రాసినట్టు రాస్తాడు.

తీగలు లాగడం నా పని.
చుక్కాని నుంచి ఫ్లోట్ వెన్ను మీదుగా,
కప్పీ తర్వాత కప్పీ,
పొట్టకిందుగా లోపలి పెడళ్ల దాకా.
అక్కడ పాదం అడిగింది ఇక్కడ పలక వినాలి.
మధ్యలో చిన్న స్ప్రింగు,
ఇద్దరి కోపాన్నీ తానే మింగే మేనత్త.

వేళ్లు కొయ్యబారాయి. నిజం చెప్పాలంటే
ఆకలి కూడా వేస్తోంది.
చివరి చీలకు సన్నతీగ మెలిపెట్టి, కొస కత్తిరించి
"అయింది" అన్నాను.
"ఆ మాట నువ్వు కాదు, అది చెప్పాలి" అన్నాడు ఆర్వో.

డెల్ఫీన్ లోపల కూర్చుని పిడి కొక్కెం వదిలింది.
పలకలు టప్పున దిగాయి.
"ఎడమ!" అని అరిచింది.
నేను ఫ్లోట్ల మధ్య, తోకవైపు మొహంపెట్టి గొంతుక్కూచున్నాను.
పలకలు నా ఎడమకే తిరిగాయి.
"ఎడమ!" అన్నాను, గట్టిగానే.

ఆర్వో వినలేదు. చూశాడు.
లేచి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని
పొయ్యి మీద కుండను తిప్పినట్టు
ముక్కువైపు తిప్పి నిలబెట్టాడు.
"ఎవరి ఎడమ, వెస్లీ?"

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మూడో కప్పీ దగ్గర తీగలు
ఒకదాన్నొకటి దాటి పోయాయి, నా చేతుల మీదుగానే.
రేవు సందు ఎంతో నాకు తెలుసు.
ఒకపక్క పెట్రోలు పీపాలు, ఇంకోపక్క రాళ్లు,
వెనకనుంచి తోసే గాలి.
నీటి మీద విమానానికి బ్రేకు లేదు.
డెల్ఫీన్ పాదం ఒకటే ఉంది.

విప్పాను. మళ్లీ లాగాను.
ఎవరూ గడియారం చూడలేదు.
మధ్యాహ్నానికి బడిపంతులొకాయన వచ్చాడు,
ఒళ్లో నాలుగు డజన్ల గుడ్లు పెట్టుకుని.
"బయల్దేరదామా?" అంటే
ఆయనకు ఒక కుర్చీ, ఒక కాఫీ.

"ఎడమ!" ఎడమ.
"కుడి!" కుడి.
మరోసారి, ఆర్వో అరచేయి పలక మీద ఉండగా.

పీపాల పక్కనుంచి డెల్ఫీన్ మెల్లగా తిరిగింది.
ఒడ్డున నా నడుమూ దాంతోపాటే ఒరిగిందట,
పంతులుగారు తర్వాత చెప్పారు.
నడినీటికి చేరాక పిడి లాగింది,
పలకలు పైకి ముడుచుకుని కారుతూ ఊరుకున్నాయి.
పైన వాటితో పనిలేదు.

మర్నాడు షెడ్డుకెళ్తే
నా ఎడమ బూటు ముక్కుమీద
ఎర్రరంగు చుక్క, ఇంకా తడిగా.
ఆర్వో అటు తిరిగి కాఫీడబ్బాలో
ఏదో వెతుక్కుంటున్నాడు.